రెండో సైరను

హలో… ఆ, నేనే అన్నా, యాస్మిన్‌ని. ఇందాక చేసింది కూడా నేనే.

…ఎంతమంది యాస్మిన్‌లు తెలుసేంది నీకు? నరసరావుపేట యాస్మిన్‌ని. మీ పాత ఆఫీసు. నీ పక్క కుర్చీ.

ఆ, ఇప్పుడు గుర్తొచ్చానా? నెంబరు అదే అన్నా, నేను మార్చలా. నువ్వే నీ ఫోన్లోంచి తీసేసినట్టున్నావ్… పోనీలే. కంపెనీ మారితే పాత నెంబర్లు బరువైతయ్.

…లేదు లేదు, దెప్పటం కాదు. ఊరికే అన్నా.

రేచల్ వదిన బాగుందా?… ఆ. పాప బడికి పోతందా?… ఆ, మంచిది.

…పనంటే… పెద్ద పనేం కాదు. ఒక డౌటు. జావా డౌటే. మాకు నేర్పింది నువ్వు గదా, నిన్నడక్క ఎవర్నడుగుతా?

…ఇప్పుడే. మీటింగుంటే చెప్పు, ఆగుతా… లేదుగా? ఆ.

మన ఫ్రేమ్‌వర్కుంది చూడు… మన అన్నాలే అలవాటుగా. ఇప్పుడు మాది. కట్టింది మాత్రం నువ్వే. అందులో ఏ మాడ్యూలు కావాలన్నా పేరిచ్చి అడుగుతాం గదా. తూకం అంటే తూకం మాడ్యూలు, రసీదు అంటే రసీదు మాడ్యూలు. అట్టా పేరుతో అడిగినప్పుడు అది ముందు యాడ వెతుకుద్ది?

…ఆ. ముందు సైటు లేయర్లో, ఆ ఒక్క చోటికని విడిగా పెట్టిన వాటిల్లో.

…అక్కడ లేకపోతేనే కంపెనీ లేయర్లోకి, అన్ని చోట్లకీ ఉమ్మడిగా ఉండేదాంట్లోకి పోద్ది. ఆ.

…రెండిట్లోనూ లేకపోతే ఖాళీ చేతులు చూపిచ్చుద్ది. సరే.

ఒకే లేయర్లో ఒకే పేరుతో రెండుంటే?… ఆ, అసలు లేవదు. స్టార్టింగులోనే మొరాయించుద్ది. అదీ తెలుసు.

…తెలిసీ ఎందుకడుగుతున్నానా? నీ నోటితో విందామని. గురువు చెప్తే వేరు గదా.

మరి సైటు లేయర్లో ఒకటి, కంపెనీ లేయర్లో ఒకటి, రెండిటికీ ఒకే పేరుంటే?

…గొడవ చెయ్యదు. దగ్గర్లో దొరికిందాన్నే ఇచ్చేస్తది. అవతలదాని మొహం కూడా చూడదు. అంతేగా?… అంతేలే. మా పేటలోకొచ్చి చాంద్ బాషా కావాలంటే మా సందులో పంచర్లేసే చాంద్ బాషానే చూపిస్తారు. బస్టాండు కాడ బిర్యానీ చాంద్ బాషా కోసం వచ్చావా అని ఎవురూ అడగరు.

…నవ్వమాక అన్నా. నవ్వటానికి చెప్పలా.

సరే. మరి సైరన్ అని అడిగితే ఎవరొచ్చారో చెప్పనా?



…ఏందీ? మళ్ళీ అను.

"ఎడ్లపాడులోనా?" అన్నావ్ గదా ఇప్పుడు. నేను ఎడ్లపాడు అన్లేదే! మన సాఫ్ట్‌వేరు ఇంకా చానా కోల్డ్ స్టోరేజీల్లో ఉంది. అన్నిట్లోకీ నీకు ఎడ్లపాడే ఎందుకు గుర్తొచ్చింది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

…నోటికొచ్చిందా? ఎట్టొచ్చుద్ది ఊరికే?

ఆ, ఎడ్లపాడే. ఎడ్లపాడు కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలోనే ఉన్నా. నువ్వు పెట్టిన కంప్యూటరు ముందరే కూచోనున్నా… నన్నెవరూ పంపలా. ఆఫీసుకి సెలవు పెట్టొచ్చా.

వినలేదా నువ్వు? నిజంగానే వినలేదా, విననట్టు మాట్లాడుతున్నావా?… సరే, విను. మొన్న శుక్రవారం మజ్జాన్నం కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది. అన్ని మిషన్లూ లేచినయ్, మూడో ఛాంబరుది మాత్రం లేవలా. చల్లదనం పడిపోతే సైరన్ కూయాలి గదా. కూయలా. శనివారం పొద్దున హమాలీలు తలుపు తీసేదాకా ఎవరికీ తెలవదు. లోపల మిరపకాయంతా చెమట పట్టి నల్లబడింది. కారంపూడోళ్ళది, క్రోసూరోళ్ళది… ఏడాది కష్టమన్నా. ఒక రైతు బస్తా ముందర కూలబడి చంటిపిల్లోడిలాగా ఏడ్చాడు.

…ఆ. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారా? నీకు తెలవదా?

మా నాన్న. మౌలాలీ. ఆ మిషన్ల కాడ ఆపరేటరు ఇంకెవరున్నారు?

…బాగున్నాడా అని అడుగుతున్నావా? బాగనే ఉన్నాడు! ఓనరు సాంబశివరావు గారు ఊరూరా చెప్తన్నాడు, మౌలాలీ సైరన్ వైరు పీకి నిద్రపోయాడని. పీకటానికి ఎవడో డబ్బులు తినిపించాడని కూడా అంటన్నాడు. ఇంకాసేపట్లో రైతులొస్తన్నారు ఇక్కడికి. వాళ్ళందరి ముందర మా నాన్నని నిలబెట్టి, వీడే మీ కొంప ముంచిందని చెప్పి, పన్లోంచి తీసేస్తాడంట. అక్కణ్ణించి స్టేషనుకంట.

ఆయనేమో ఒక్క మాట మాట్లాట్టం లా. వాళ్ళేమన్నా ఊఁ అంటన్నాడు. నువ్వే చేశావా అంటే ఊఁ. పొరపాటైందా అంటే ఊఁ. తప్పు చెయ్యనోడు నోరు తెరవాలి గదన్నా?

…అందుకే వచ్చా. ఆయన తెరవకపోతే నేను తెరుస్తా.

వైరు చూశా. బాగనే ఉంది. సైరన్ డబ్బా కూడా బాగనే ఉంది, విడిగా బ్యాటరీ తగిలిస్తే నా చెవులు గింగురుమన్నయ్. మరి ఎందుకు కూయలా? ప్రోగ్రాం చెప్పకపోతే అదెందుకు కూస్తది? అందుకని ప్రోగ్రామునే అడిగా. సైరన్ మాడ్యూలు ఇవ్వు అని పేరు పెట్టి అడిగా. ఇచ్చింది. యాడ్నించి వచ్చావే అని అడిగా.

సైటు లేయర్లోంచి అంది.

…ఆ. సైరన్ మాడ్యూలు ఉండాల్సింది కంపెనీ లేయర్లో. అక్కడా ఉంది, నేను రాసింది, చక్కగా ఉంది. దాన్ని ఎవరూ పిలవట్లా. దాని పేరే పెట్టుకొని ఇంకోటి ముందు కూచోనుంది. ప్రోగ్రాం సైరన్ అంటే అదే లేచి నేనున్నా అంటంది.



దానికేమేం కావాలో డిక్లరేషన్ చూశా. సైరన్ అన్నది రిలేని, కరెంటు కలిపే స్విచ్చిని, ముట్టుకోవాలి గదా. దీనికి రిలే అక్కర్లేదంట. మోడెం కావాలంట! సైరన్‌కి మోడెమెందుకు? ఎవరికి కబుర్లు పంపటానికి?

…నువ్వు చెప్తావా? నేను చెప్తా ముందు. ఆ సైటు లేయరు తాళం ఇద్దరి కాడే ఉంది. ఒకటి సాంబశివరావు గారు, ఆయనకి మౌసు పట్టుకోటం రాదు. రెండోది నువ్వు. ఆ ఫైలు తేదీ చూశా, నువ్వు మా ఆఫీసు మానేసే ముందర పెట్టింది. ఇప్పుడు నువ్వు చేరిన కంపెనీ వాళ్ళు ఏం జేస్తన్నారు? మా సాఫ్ట్‌వేరు తీసేసి మాది పెట్టుకోండని ఈ గేటు చుట్టూ తిరుగుతన్నారు. సైరన్ కూయకపోతే ఎవరికి లాభం? నువ్వే చెప్పు.

…అరవమాక. నేనూ అరవగలను.

…ఒట్టా? ఒట్టు పెట్టుకోకూడదని నువ్వే చెప్పేవాడివి గదన్నా, అవునంటే అవును, కాదంటే కాదు అనాలని. ఇప్పుడేమో ప్రభువు సాక్షి అంటన్నావ్.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయ్యంట. నీకు రంజాన్ నెలలో మా అమ్మ హలీం పంపేది గుర్తుందా? గిన్నె కూడా తిరిగియ్యొద్దు, అనిల్ బాబు ఉంచుకోనియ్ అనేది మా అమ్మ హజ్రా బీ. అట్టాంటి మనిషి మొగుణ్ణి దొంగని చేశావ్.

…మరి పెట్టలేదా నువ్వు? అవునా కాదా, అది చెప్పు.

…

పెట్టావ్.

అబ్బ. అన్నావ్ చివరికి. చాలన్నా. ఈ ముక్క చాలు నాకు. ఇందాక లోపలికొచ్చేటప్పుడే సాంబశివరావు గారికి చెప్పొచ్చా, సైరన్ మార్చిందెవరో ఊరూ పేరుతో సహా చెప్తానండీ, రైతుల్ని రానియ్యండని. ఇప్పుడు పోయి అనిల్ కుమార్ అని చెప్తా.

…ఎందుకొద్దు?

…నీ కోసం కాదా? మరెవరి కోసం వద్దంటన్నావ్?

ఏందీ?

మా నాన్న పేరెత్తమాక. మర్యాదగా చెప్తన్నా, ఇందులోకి ఆయన్ని లాగమాక.

…ఆయనే అడిగాడా? ఆయన… సైరన్ తీసెయ్యమని మా నాన్నే అడిగాడా?

అబద్ధం. నీ మీదికొచ్చేసరికి అవతలోడి మీదికి తోస్తన్నావ్.

…లేదు, ఆగు. ఆగన్నా. ఎందుకడిగాడు? ఎవడన్నా డబ్బులు… సాంబశివరావు గారు అన్నది… ఎవడో తినిపించాడని… నిజమా ఏంది? చెప్పు. అమ్మకి ఆపరేషను చేయించాలని మొన్నా మధ్య తిరిగాడు. ఎవరన్నా ఆయన్ని… చెప్పు! నా దగ్గర దాయమాక. మా నాన్న అమ్ముడుపోయాడా?

…మరింకేంది?

…నేనే చూసుకోవాలా? యాడ? సెట్టింగుల్లో… ఉండు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్యన పెట్టా, మెల్లిగా చెప్పు. సైటు సెట్టింగులు… ఆ, తెరిచా… మోడెం… ఆ, నెంబరుంది. ఒకటే నెంబరు. మీ కంపెనీదేనా?… చదువుతున్నా ఆగు. తొమ్మిది, ఎనిమిది, నాలుగు…

ఇది మా నాన్న నెంబరు.

…మా నాన్నకి ఫోన్ చేస్తదా ఇది? చల్లదనం పడిపోతే ఆయన ఫోన్ మోగిద్దా?

…మోగదా? మరి?

వణుకుద్ది. చొక్కా జేబులో వణుకుద్ది… సరే, వణుకుద్ది. వణకటమెందుకు? అంత పెద్ద సైరన్ నెత్తిమీదుంది. చిలకలూరిపేట దాకా వినపడుద్ది. అది కూస్తే సరిపోదా? జేబులో ఫోన్ వణికితేనే గాని తెలవకపోటానికి ఆయనకేం…

…

అన్నా.

…

ఎప్పట్నించి?

…రెండు చెవులా?

…మిషన్ల హోరులో జీవితమంతా… ఆ. తెలుసు. దూది పెట్టుకో నాన్నా అంటే నవ్వేవాడు.

లేదన్నా, నువ్వు పొరపాటు పడ్డావ్. మాతో బాగనే మాట్లాడతాడు. నేను ముందర కూచోని మాట్లాడితే ఎంచక్కా… ముందర కూచుంటే…

…పెదాలు చూసా?

ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తినా, అమ్మకిస్తన్నా అని ఇచ్చేస్తాడు. నాతో మాట్లాడటానికి తీరిక లేదా అని నేను అలిగా గూడా. అమ్మ వంటింట్లోంచి అరిచి అరిచి, మీ నాన్నకి వయసుతోపాటు పొగరు పెరిగిందే, పిలిస్తే ఉలకడు పలకడు అనేది. మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం… నవ్వుకునేవాళ్ళం అన్నా!

…ఏడవట్లా. ఏడవట్లేదులే. చెప్పు నువ్వు.

రెండూ పెట్టొచ్చుగా మరి? సైరనూ కూసి, ఫోనూ వణికితే ఎవరికి నష్టం? సైరన్ ఎందుకు పీకావ్? అది చెప్పు. అక్కడే నాకు నమ్మకం కుదరట్లా.

…ఆయన దాని కిందే కూచోని…

…అన్నం తింటన్నాడా? నెత్తిమీద సైరన్ కూస్తంటే?

…హమాలీలు పరిగెత్తుకొచ్చి చూసేసరికి… ఆ. మామిడికాయ ముక్క చప్పరిస్తా, ఏమైందిరా అందరూ ఇట్టా వచ్చారు అన్నాడా? ఒకడు పడీపడీ నవ్వాడా?… ఎవడు? పేరు చెప్పు వాడిది… పోనీలే, వాడికేం తెలుసు.

అందుకని అది కూయకుండా చెయ్యమన్నాడు. కూస్తే ఈయన కదలకపోటం నలుగురూ చూస్తారు. చెవిటోడని తెలిస్తే మిషన్ల కాడ ఉంచరు. అంతేనా?

…నువ్వు ఒప్పుకున్నావ్. రెండు చేతులూ పట్టుకున్నాడా నీవి? నీకంటే అంత పెద్దోడు… ఆ. నేనైనా అంతే చేసేదాన్నేమో. తెలవదు. చెయ్యకూడదన్నా. అన్ని బస్తాల బతుకు ఒక్క జేబులో పెట్టకూడదు. నువ్వు మాకు నేర్పినోడివి, నీకు తెలవదా?

…ఆ. నీకూ నిద్ర పట్టలేదంటావ్. ఇప్పుడంటావ్ అదంతా.

పేరు కూడా సైరన్ అనే ఎందుకు పెట్టావ్? వేరే పేరు పెడితే నేను ఎప్పుడో చూసేదాన్ని.

…అందుకే పెట్టావా. పాత ప్రోగ్రాం ఏదీ కదలకుండా అడిగిన పేరుకే ఇది పలకాలని… నాకు తెలవకూడదనా? నేను ఆ ఆఫీసులోనే ఉన్నానుగా, నాకు తెలవకూడదని ఆయనే చెప్పాడా?

కన్నకూతుర్ని గదన్నా! నీకు చెప్పుకున్నాడు. నాకు చెప్పలా. నేను పోయి ఓనరుకి మోస్తాననుకున్నాడా?… మరెందుకు?

…పని మానిపిచ్చి ఇంట్లో కూచోబెడతాననా?

…అవును. కూచోబెట్టేదాన్నే. ఆ మాట నిజమే.

శుక్రవారం వణకలేదా మరి ఆ ఫోన్? నీ మాడ్యూలు బాగనే ఉంటే ఫోన్ చేసే ఉండాలి గదా. చేసిందా?… కాల్ లిస్టు చూస్తన్నా… చేసింది. చేసింది, చేసింది, చేస్తానే ఉంది రాత్రంతా. అన్నిటికీ స్విచాఫ్. నేను కూడా ఆ సాయంత్రం చేస్తే స్విచాఫే వచ్చింది. ఛార్జింగ్ లేదేమోలే అనుకున్నా…

శుక్రవారం!

…జుమ్మా అన్నా. నమాజుకి పోయినప్పుడు ఫోన్ ఆపేసి లోపలికి పోతాడు. అందరిలాగా సైలెంటులో పెట్టటానికి ఆయనకి కుదరదుగా, వణికితే గుండె మీద కొట్టినట్టుంటది, నమాజులో మనసు నిలవదు. మొత్తం ఆపేస్తాడు. ఆ రోజు మళ్ళీ ఆన్ చెయ్యటం మర్చిపోయాడు. ఇక్కడికొచ్చి కూచున్నాడు. కరెంటు పోయొచ్చాక మూడో మిషను లేవలా, మిగతాయి తిరుగుతా ఉండయ్. మిషనాగితే నీకూ నాకూ వెంటనే తెలుస్తది, హోరు తగ్గుద్ది గదా. ఆయనకి…

ఆయనకి ఏం తగ్గుద్దన్నా?

…

ఉండు. ఉండు, జీపులొస్తన్నయ్. రైతులొచ్చారు.

…ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలవట్లా. పేరు చెప్తానని వాగొచ్చా. ఏ పేరు చెప్పాలి ఇప్పుడు?

…నీదా? నీ పేరే చెప్పమంటావా?… నువ్వే కావాలని పెట్టావని, ఆయనకేం తెలవదని… నీ ఉద్యోగం పోద్ది. పైగా కేసు పెడతారు. రేచల్ వదినకేం చెప్తావ్?… వద్దు. ఎందుకింత మంచితనం? ఇందాకట్నించి నిన్ను అన్నన్ని మాటలన్నా, నువ్వేమో… వద్దన్నా. వాళ్ళు పంట పోగొట్టుకున్నోళ్ళు. వాళ్ళకి ఇంకో అబద్ధం చెప్తే మనకి పుట్టగతులుండవ్.

నిజం చెప్తే మా నాన్న పని పోద్ది. చెప్పకపోతే దొంగ అంటారు. ఆయనకి పనంటే ప్రాణం. దొంగ అనే మాటకేమో…

…ఆ, కిటికీలోంచి కనపడతన్నాడు. బయట అరుగు మీద కూచోనున్నాడు, మిషన్ గది వైపు మొహం పెట్టి. గేటు వైపు ఆయన వీపుంది. ఇంతమంది వచ్చారు, తిరిగి చూడలా.

రైతుల్ని తీసుకురాటానికి పోయిన సాంబశివరావు గారు కూడా దిగాడు. పిలుస్తన్నాడు. ఒరేయ్ మౌలాలీ అంటన్నాడు… ఎప్పుడూ మౌలాలీ గారూ అనేవాడు… మళ్ళీ పిలిచాడు. ఈయన చుట్ట ముట్టించుకుంటన్నాడు. అయ్యో నాన్నా, ఇప్పుడు చుట్టేంది?

…చూడండయ్యా, మీ పంట తగలబెట్టి వీడి నిర్లక్ష్యం చూడండి, పిలుస్తంటే లెక్కలేకుండా చుట్ట కాలుస్తన్నాడు అంటన్నాడు… అందరూ చూస్తన్నారు… ఒక రైతు చెప్పు తీశాడన్నా. అన్నా, చెప్పు తీశాడు! వెనకనించి వస్తన్నాడు!

నాన్నా!… నాన్నా!

పెట్టెయ్, నేను పోతన్నా… తలుపు… ఏయ్! ఆగండి! పెద్దాయనా, ఆగండి! నా తండ్రి మీద చెయ్యెయ్యమాకండి! ఆయనకి పొగరు కాదు… సాంబశివరావు గారూ, ఆయనకి వినపడదండీ! మా నాన్నకి వినపడదు!